జీఎస్ఎం ఒక్కటే చూస్తే చాలదు: కాగితాలు, అట్టలు, వాటి పనులు

స్టేషనరీ షాపులోనైనా, ప్రింటింగ్ ప్రెస్సులోనైనా కాగితం కొనేటప్పుడు ముందుగా అడిగేది ఎన్ని జీఎస్ఎం అని. తర్వాత తెలుపు చూస్తారు. జీఎస్ఎం ఎక్కువైతే మంచి కాగితమనీ, తెల్లగా మెరిస్తే ఇంకా మంచిదనీ చాలామంది నమ్మకం. పెళ్లికార్డు మడత దగ్గర పగలడానికి, గోడౌన్‌లో అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి కూలడానికి, జాగ్రత్తగా దాచుకున్న ఈసీజీ కాగితం కొన్నాళ్లకు ఖాళీగా మారడానికి చాలాసార్లు ఈ నమ్మకమే కారణం. కాగితాన్ని ఏ నారతో చేశారు, పైన ఏం పూశారు, ఏ పని కోసం తయారుచేశారు అన్నవి తెలియకుండా బరువు ఒక్కటే తెలిస్తే పెద్దగా ఉపయోగం లేదు.

జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ఏ4 కాగితం వైశాల్యం చదరపు మీటరులో పదహారో వంతు. అందుకే 80 జీఎస్ఎం ఏ4 కాగితం ఒక్కొక్కటి 5 గ్రాములు, 500 కాగితాల రీము రెండున్నర కిలోలు ఉంటుంది. 75 జీఎస్ఎం రీమైతే 2 కిలోల 340 గ్రాములు, 70 అయితే 2 కిలోల 180 గ్రాములు. కవరు మీద రాసిన అంకె నిజమో కాదో తేల్చుకోవాలంటే కిరాణా కొట్టు కాటా చాలు. గాలిలో తేమను బట్టి కొద్ది గ్రాములు అటూ ఇటూ అవుతుంది, అంతే.

కాగితం ఎక్కడ ఆగి అట్ట ఎక్కడ మొదలవుతుందన్నది కూడా బరువును బట్టే చెబుతారు. అంతర్జాతీయ ప్రమాణాల్లో సుమారు 225 జీఎస్ఎం దగ్గర గీత గీశారు. వాడకంలో ఆ గీత అంత గట్టిది కాదు. పెట్టెల కోసం చేసిన 200 జీఎస్ఎం సరుకును అట్ట అనే అంటారు, డ్రాయింగ్ కోసం చేసిన 250 జీఎస్ఎం సరుకును కాగితమనే అంటారు. పనిని బట్టే పేరు.

బరువు వేరు, మందం వేరు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు మందం పావు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మందుల పెట్టెలకు, సబ్బు పెట్టెలకు వాడే ఫోల్డింగ్ బాక్స్ బోర్డు 250 జీఎస్ఎమ్మే అయినా దాదాపు 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. తక్కువ బరువున్నదే ఎక్కువ మందంగా ఉండటానికి కారణం దాని లోపలి కట్టడం. ఆర్ట్ కార్డుకు పైన మట్టిపూత వేసి, బరువైన రోలర్ల మధ్య నొక్కి నునుపు చేస్తారు. నార మధ్య గాలి పోతుంది, బరువు మిగులుతుంది. ఫోల్డింగ్ బాక్స్ బోర్డులో పైనా కిందా రసాయనాలతో ఉడికించి తీసిన గట్టి గుజ్జు పొరలు పెట్టి, మధ్యలో మరపట్టిన కలప గుజ్జును వదులుగా నింపుతారు. దాంతో తక్కువ బరువుకే ఎక్కువ మందం వస్తుంది.

మందం ఎందుకంత ముఖ్యమంటే, వంగకుండా నిలబడే శక్తి మందంతో పాటు చాలా వేగంగా పెరుగుతుంది. ఒకే రకం సరుకులో మందం రెట్టింపైతే బిరుసుదనం ఎనిమిది రెట్లవుతుంది. పెట్టె నిటారుగా నిలబడాలన్నా, కవరు పేజీ వాలిపోకూడదన్నా చూడాల్సింది మందాన్నీ బిరుసునీ. మైక్రోమీటరుతో కొలిచే మందం ఎంతో అడిగితే సరఫరాదారు చెప్పగలడు. అడిగేవాళ్లే తక్కువ.

నారలో ఉన్న తేడా

కాగితం అంటే నీళ్లలో కలిపిన నారను జల్లెడ మీద పరిచి, నీళ్లు కార్చి ఆరబెట్టిన పొర. కాబట్టి నార ఎంత పొడవుంటే కాగితానికి అంత బలం. చల్లటి దేశాల్లో పెరిగే పైన్, స్ప్రూస్ వంటి చెట్ల నార సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. మన దగ్గర పెంచే సుబాబుల్, సరుగుడు, జామాయిల్ నార ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. పొట్టి నార బలం తక్కువైనా జల్లెడ మీద సమంగా పరుచుకుంటుంది, నునుపు వస్తుంది, అచ్చు బాగా పడుతుంది. రాజమహేంద్రవరం మిల్లుకు, కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ మిల్లుకు, భద్రాచలం పక్కన సారపాకలో 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన మిల్లుకు (ఇప్పుడది ఐటీసీ చేతిలో ఉంది) ఈ చెట్లే ఆధారం. మొదట్లో రాజమహేంద్రవరం, కాగజ్‌నగర్ మిల్లులు అడవి వెదురు మీద నడిచాయి. తర్వాత రైతుల పొలాల్లో పెంచే కర్రకు మారాయి. కృష్ణా, ప్రకాశం, ఖమ్మం జిల్లాల్లో సుబాబుల్, జామాయిల్ తోటలు అంతగా విస్తరించడానికి ఈ మిల్లుల గిరాకీయే కారణం. ఆ కర్ర ధర పడిపోయిన ఏడాది కాగితం సంగతి రైతు ఇంటి సంగతి అవుతుంది.

నారను కలప నుంచి విడదీసే పద్ధతిని బట్టి కూడా కాగితం జాతకం మారిపోతుంది. కలపలో నారను పట్టి ఉంచే జిగురు పదార్థం లిగ్నిన్. కలపను రాతి చక్రాల మీద అరగదీసి గుజ్జు చేసే విద్య 1840లలో జర్మనీలో ఫ్రీడ్రిష్ కెల్లర్‌తో మొదలైంది. ఇలా అరగదీస్తే కలపలో 90 శాతానికి పైగా గుజ్జుగా వస్తుంది, లిగ్నిన్ కూడా అందులోనే ఉండిపోతుంది. చవక, కానీ ఎండ తగిలితే ఆ లిగ్నిన్ పసుపుపచ్చగా మారుతుంది. వార్తాపత్రిక వారం రోజులు ఎండలో ఉంటే రంగు మారడానికి కారణం ఇదే. న్యూస్‌ప్రింట్ 40 నుంచి 49 జీఎస్ఎం దాకా ఉంటుంది. ఒక్కరోజు చదివి పక్కన పెట్టే పేపరుకు అంతకంటే అవసరం లేదు కూడా.

రెండో దారి రసాయనాలతో ఉడకబెట్టి లిగ్నిన్‌ను కరిగించడం. 1879లో కార్ల్ డాల్ అనే రసాయన శాస్త్రవేత్త రూపొందించిన క్రాఫ్ట్ పద్ధతి ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువగా వాడుతున్నది. ఇందులో 100 కిలోల ఎండు కలపకు 45 నుంచి 50 కిలోల గుజ్జే వస్తుంది. కరిగిపోయిన లిగ్నిన్‌ను మిల్లులోనే మండించి ఆవిరి, కరెంటు తయారుచేసుకుంటారు. మిగిలిన నార శుభ్రమైనది, గట్టిది. దాన్ని బ్లీచింగ్ చేస్తే తెల్ల కాగితం, చేయకపోతే గోధుమరంగు క్రాఫ్ట్ పేపరు.

మూడోది పాత కాగితాల గుజ్జు. దేశంలో తయారయ్యే పెట్టెల కాగితంలో ఎక్కువ భాగం దీనితోనే. నానబెట్టి మరపట్టిన ప్రతిసారీ నార తెగి పొట్టిదవుతుంది. ఐదారుసార్లు తిరిగాక ఇక కాగితంగా నిలవదు. అందుకే ఎక్కడో ఒకచోట కొత్త నార కలపక తప్పదు. పాత కాగితం వాడితే చెట్టు అవసరమే ఉండదనడం నిజం కాదు. వాడకపోతే మాత్రం ఎన్నో రెట్లు చెట్లు పోతాయి.

రాయడానికి, చదవడానికి

నోటు పుస్తకాలకు, చవక పాఠ్యపుస్తకాలకు వాడేది క్రీమ్‌వోవ్. పుస్తకాల అచ్చుకు, లెటర్‌హెడ్‌లకు మ్యాప్‌లితో అనే రకం. జిరాక్స్ యంత్రాలకు కాపియర్ కాగితం. లెడ్జర్ పేపరు గట్టిది, పదేపదే తిప్పినా చెరిపినా తట్టుకోవడానికి రిజిస్టర్ల కోసం చేసింది. పైకి అన్నీ తెల్ల కాగితాలే, లోపల మూడు విషయాల్లో తేడా.

ఒకటి సైజింగ్, అంటే నీరు తొందరగా ఇంకకుండా కాగితానికి పట్టించే పదార్థం. కాగితం నీటిని ఎంత పీలుస్తుందో నిర్ణయించేది ఇదే. సైజింగ్ లేని కాగితం ఫిల్టర్ పేపరులాగా ఇంకును లాగేస్తుంది. పరీక్ష రాసే కాగితం మీద జెల్ పెన్ను అక్షరం పాకుతున్నా, వెనక వైపుకు దిగుతున్నా తప్పు పెన్నుది కాదు, సైజింగ్‌ది. కొనేముందు ఒక మూల పెన్నుతో గీసి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

రెండోది నింపుడు పొడి. నార మధ్య ఖాళీల్లో సున్నపురాయి పొడి కలుపుతారు. మామూలు ప్రింటింగ్ కాగితం బరువులో ఐదో వంతు దాకా ఈ పొడే ఉండొచ్చు. అది తప్పేమీ కాదు. దానివల్లే ఇటువైపు అక్షరం అటువైపు కనపడకుండా ఉంటుంది, నునుపు వస్తుంది. మోతాదు మించితే మాత్రం కాగితం మెత్తబడుతుంది, యంత్రంలో దుమ్ము రాలుతుంది, జిరాక్స్ మెషీన్ తరచూ జామ్ అవుతుంది.

మూడోది తెలుపు. మెరిసే తెలుపులో చాలా భాగం గుజ్జు శుభ్రత వల్ల కాదు, కలిపిన ఫ్లోరోసెంట్ రంగు వల్ల వస్తుంది. కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని అది పట్టుకుని నీలి వెలుగుగా వదులుతుంది. దొంగనోట్లు పట్టే యూవీ దీపం కింద మామూలు ఏ4 కాగితం ధగధగలాడుతుంది, అసలు కరెన్సీ నోటు కాగితం మసకగా ఉంటుంది. నోటును పత్తి నారతో, ఈ రంగు కలపకుండా చేస్తారు. కాబట్టి తెలుపును నాణ్యతకు కొలతగా పెట్టుకోవడం అనవసరం. నాలుగు గంటలు కూర్చుని చదవాల్సిన నవలకు కొద్దిగా లేత పసుపు ఉన్న నేచురల్ షేడ్ మ్యాప్‌లితోనే కళ్లకు హాయి. మంచి తెలుగు ప్రచురణకర్తలు చాలామంది అదే వాడుతున్నారు.

డెమ్మీ 1/8 సైజులో (మామూలు నవలల సైజు) 200 పేజీల పుస్తకానికి 100 కాగితాలు, అంటే సుమారు 3 చదరపు మీటర్లు. 70 జీఎస్ఎం వాడితే లోపలి పేజీల బరువు 210 గ్రాములు, 60 వాడితే 180. ఆ 30 గ్రాముల ఆదా కోసం కొందరు కిందికి దిగుతారు. అచ్చు వెనక పేజీలోకి తొంగిచూస్తుంది, ఫొటోలుంటే మరీ ఎక్కువ. ఆదా చేయాలంటే 60 జీఎస్ఎమ్‌లోనే మందం, అపారదర్శకత ఎక్కువున్న రకం వెతకాలి, అవి దొరుకుతాయి. ఎన్‌సీఈఆర్‌టీ తన పాఠ్యపుస్తకాలకు వాటర్‌మార్క్ ఉన్న 80 జీఎస్ఎం కాగితం వాడుతుంది. ఏడాదంతా పిల్లల చేతుల్లో నలిగే పుస్తకానికి అది సరైన ఎంపిక. వాటర్‌మార్క్ వల్ల నకిలీ ముద్రణలను గుర్తుపట్టడమూ తేలిక.

ఎంతకాలం నిలవాలన్నది ఎవరూ అడగని ప్రశ్న. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, పత్రికలు గ్రంథాలయాల్లో ఇవాళ ముట్టుకుంటే రాలిపోతున్నాయి. అంతకంటే పాతదైన చేతి కాగితం మీది రాతలు చాలాచోట్ల బాగానే ఉన్నాయి. కారణం వయసు కాదు. జర్మనీలో 1807లో మోరిట్స్ ఇల్లిగ్ ప్రకటించిన సైజింగ్ పద్ధతిలో చెట్ల బంక, పటిక వాడతారు. పటిక కాగితంలో ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆమ్లం ఏళ్ల తరబడి నారను తెంపుతూ పోతుంది. మన వేడి, తేమ ఆ పనిని ఇంకా తొందరపెడతాయి. క్షారగుణం ఉన్న సైజింగ్, సున్నపు పొడి వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది. ఎక్కువకాలం నిలిచే కాగితానికి ఐఎస్ఓ 9706 అనే ప్రమాణం 1994 నుంచి ఉంది. స్థానిక చరిత్రలు, వంశవృక్షాలు, సాహిత్య సర్వస్వాలు అచ్చు వేయించేవాళ్లు దీని గురించి ప్రెస్సువాళ్లను తప్పకుండా అడగాలి. వందేళ్లు నిలవాల్సిన పుస్తకాన్ని యాసిడ్ కాగితం మీద వేస్తే ఆ శ్రమంతా మన మనవల చేతుల్లో పొడి అవుతుంది.

పూత కాగితాలు, పెళ్లికార్డులు

చైనా మట్టి, సున్నపు పొడి జిగురుతో కలిపి రెండు వైపులా పూస్తే ఆర్ట్ పేపరు. ఒకవైపే పూస్తే క్రోమో, సీసాల మీద అంటించే లేబుళ్లకు అది. రంగుల ఫొటోలు, బ్రోషర్లు, క్యాలెండర్లు పూత కాగితం మీద బాగుంటాయి. ఇంకు లోపలికి ఇంకకుండా పైనే నిలుస్తుంది కాబట్టి చుక్కలు స్పష్టంగా పడతాయి. అదే గుణం వల్ల పెన్నుతో రాస్తే చెరిగిపోతుంది. శుభలేఖకు మెరిసే (గ్లాసీ) లామినేషన్ చేయించి, నాలుగు మూలలా పసుపు రాస్తే అది పట్టుకోకుండా చేతులకు అంటుతుంది. పసుపు పెట్టే అలవాటున్న ఇంటివాళ్లు పూత లేని కార్డు తీసుకోవాలి, లేదంటే మూలల్లో లామినేషన్ లేకుండా చేయించుకోవాలి.

కార్డు మడత పగలడం వెనక ఉన్నది రేషా. యంత్రం మీద గుజ్జు వేగంగా కదులుతున్నప్పుడు నారలో ఎక్కువ భాగం ఆ కదిలే దిక్కుకే తిరిగి పడుకుంటుంది. దాంతో కాగితానికి ఒక వాటం వస్తుంది, అదే రేషా. దినపత్రికను పైనుంచి కిందికి చింపితే చక్కగా తెగుతుంది, అడ్డంగా చింపితే వంకరటింకరగా పోతుంది. మందపాటి కార్డును రేషా వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పూత పెళుసుగా విరిగి తెల్లటి గీత కనిపిస్తుంది. ముదురు రంగు కార్డుల మీద అది మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. షీటులో ఒక కార్డు ఎక్కువ పడుతుందని ప్రెస్సులో తిప్పి కట్ చేయడం, ముందు క్రీజింగ్ వేయకుండా (మడత గీత నొక్కకుండా) మడవడం, ఈ రెండూ కలిస్తే ఎంత ఖరీదైన బోర్డయినా పగులుతుంది. పుస్తకాల్లోనూ ఇంతే. రేషా వెన్ను వెంట నిలువుగా ఉంటే పుస్తకం తెరిచినచోట పరుచుకుని ఉంటుంది, అడ్డంగా ఉంటే మూసుకుపోతూ విసిగిస్తుంది, వానాకాలంలో అంచులు అలలు తేలుతాయి.

పెట్టెల అట్టలు

మిఠాయి పెట్టె, అగ్గిపెట్టె, చీర పెట్టె, టూత్‌పేస్ట్ పెట్టె చాలావరకు డుప్లెక్స్ బోర్డే. పైన తెల్ల పూత, లోపల పాత కాగితాల గుజ్జు. వెనకవైపు బూడిదరంగు ఉంటే గ్రే బ్యాక్, తెలుపు ఉంటే వైట్ బ్యాక్. ధర తక్కువ, పాత కాగితానికి మంచి వినియోగం కూడా. ఫోల్డింగ్ బాక్స్ బోర్డు సంగతి పైన వచ్చింది. పూర్తిగా బ్లీచ్ చేసిన కొత్త నారతో చేసే ఎస్‌బీఎస్ బోర్డు అన్నిటికంటే ఖరీదు. సెంటు పెట్టెలకు, ఖరీదైన సౌందర్య సాధనాలకు, శుభ్రత ముఖ్యమైన ఆహారానికి దాన్ని వాడతారు. పుస్తకాల గట్టి బైండింగుకు, ఫైళ్లకు, రైటింగ్ ప్యాడ్‌లకు వాడే గ్రే బోర్డు పాత కాగితంతోనే చేసినా మందంగా, బిరుసుగా ఉంటుంది. దాన్ని మడవకూడదు, కోసి అంటించాలి.

డుప్లెక్స్ పెట్టెలో నేరుగా నూనె సరుకు పెట్టడం మంచిది కాదు. పాత కాగితంలో పాత ఇంకుల అవశేషాలు ఉంటాయి, నూనె వాటిని లాగుతుంది. మిఠాయి దుకాణంలో పెట్టె లోపల బటర్ పేపరు పరిచి లడ్డూలు సర్దడం అందం కోసం అనుకుంటారు గానీ, అసలు రక్షణ అదే.

మూడు పొరలు, ఐదు పొరలు

రవాణా పెట్టెల కథ అన్నిటికంటే ఆసక్తికరమైనది. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ జోన్స్ 1871లో ముడతల కాగితానికి పేటెంట్ తీసుకున్నాడు, సీసాలు, గాజు చిమ్నీలు పగలకుండా చుట్టడానికి. చుడుతుంటే ముడతలు సాగిపోయేవి. 1874లో ఆలివర్ లాంగ్ ఆ ముడతలకు చదునైన కాగితాన్ని అంటించాడు. ఇవాళ్టి అట్టపెట్టెకు అదే పునాది. రెండు చదును కాగితాల మధ్య ఒక ముడత పొర ఉంటే త్రీ ప్లై, రెండు ముడత పొరలుంటే ఫైవ్ ప్లై, మూడుంటే సెవెన్ ప్లై. ఫ్యాన్లు, మిక్సీలకు ఫైవ్ ప్లై, యంత్ర భాగాల వంటి భారీ సరుకుకు సెవెన్ ప్లై వాడతారు.

ముడతలన్నీ ఒకే ఎత్తు కాదు. ‘ఏ’ (A) రకం సుమారు 4.8 మిల్లీమీటర్లు, ‘సీ’ (C) రకం నాలుగుకు దగ్గర, ‘బీ’ (B) రకం మూడుకు లోపు, ‘ఈ’ (E) రకం ఒకటిన్నర. ఎత్తైన ముడత దెబ్బను మింగుతుంది, పొట్టి ముడత అచ్చుకు నునుపైన ముఖం ఇస్తుంది. పిజ్జా పెట్టె వంటివి చేసే అట్ట ‘ఈ’ (E) రకం.

జీఎస్ఎం ఒక్కటే చూస్తే ఎలా మోసపోతామో ఇక్కడ లెక్కతో సహా తెలుస్తుంది. మన దేశంలో క్రాఫ్ట్ కాగితాన్ని జీఎస్ఎంతో పాటు బీఎఫ్ (బర్స్ట్ ఫ్యాక్టర్, పగిలే బలాన్ని చెప్పే అంకె) చెప్పి అమ్ముతారు. ఈ రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే ఆ కాగితం చదరపు సెంటీమీటరుకు ఎన్ని కిలోల ఒత్తిడి దగ్గర పగులుతుందో వస్తుంది. 180 జీఎస్ఎం, 16 బీఎఫ్ కాగితం 2.88 కిలోల దగ్గర పగులుతుంది. 150 జీఎస్ఎం, 20 బీఎఫ్ కాగితం 3 కిలోల దాకా ఆగుతుంది. తేలికైనదే గట్టిది, ఎందుకంటే అందులో మంచి నార ఉంది. గోధుమరంగు చూసి గట్టితనం అంచనా వేయడానికీ వీల్లేదు. పాత కాగితపు గుజ్జుకు రంగు కలిపినా అదే రంగు వస్తుంది.

పగలడం ఒక పరీక్ష మాత్రమే. గోడౌన్‌లో పెట్టె మీద పెట్టె పెట్టినప్పుడు కావలసింది నిలువు బరువు మోసే శక్తి. ముడతలు నిలువుగా ఉంటే చిన్నచిన్న స్తంభాల వరుస ఏర్పడుతుంది, అందుకే పెట్టెను అడ్డంగా పడుకోబెట్టి పేర్చకూడదు. బరువులో ఎక్కువ భాగాన్ని నాలుగు మూలలే మోస్తాయి. మూల మీద మూల రాకుండా ఇటుకల వరసలా మార్చి పేర్చితే వరస కదలదు గానీ పెట్టెల బలం బాగా పడిపోతుంది. మామిడి పెట్టెలకు గాలి కోసం రంధ్రాలు తప్పవు, వాటిని మూలలకు దూరంగా, ముఖం మధ్యలో పెట్టాలి.

వీటన్నిటికంటే పెద్ద శత్రువు తేమ. ముడతలను అంటించేది పిండి జిగురు. గాలిలో తేమ యాభై శాతం నుంచి తొంభై శాతానికి పెరిగితే పెట్టె బలం సగానికి సగం తగ్గుతుంది. విశాఖలోనో, మచిలీపట్నంలోనో జులైలో నిలవ ఉంచిన పెట్టె, హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో పరీక్షించిన పెట్టె కాగితం మీద ఒకటే కావచ్చు, బలంలో కాదు. పైగా రోజుల తరబడి బరువు మోస్తే పెట్టె నెమ్మదిగా కుంగుతుంది. పరీక్షలో 300 కిలోలు మోసిన పెట్టె మీద నెల రోజులు 300 కిలోలు పెట్టగలమనుకోవడం ప్రమాదం. తీరప్రాంతంలో సరుకు నిలవచేసే రొయ్యల ఎగుమతిదారులకు ఇది అనుభవమే. చల్లటి గదిలోంచి బయటికి తెచ్చినప్పుడు చెమర్చకుండా వాళ్లు పెట్టెలకు మైనం పూతో, ప్లాస్టిక్ పూతో వేయిస్తారు. ఆ పూత పెట్టిన అట్ట మళ్లీ గుజ్జు కావడం కష్టం, ఆ ఖర్చు ఇంకొకరి మీద పడుతుంది.

తిండి దగ్గర

మిరపకాయ బజ్జీలు పాత పేపరులో కట్టివ్వడం మనకు ఎంత అలవాటో చెప్పక్కర్లేదు. ఆ అలవాటు మానాలి. పత్రిక ఇంకు తిండి కోసం చేసింది కాదు, వేడి నూనె తగిలితే అది సులువుగా అంటుతుంది. 2018 నాటి ఆహార ప్యాకేజింగ్ నిబంధనల్లో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ న్యూస్‌పేపరులో తిండిని చుట్టడాన్నీ, నిల్వ చేయడాన్నీ నిషేధించింది. అచ్చు లేని గ్రీజ్‌ప్రూఫ్ కాగితం, బటర్ పేపరు దానికి తగిన ప్రత్యామ్నాయాలు. గ్రీజ్‌ప్రూఫ్ కాగితంలో నారను బాగా దంచి సందులు లేకుండా చేస్తారు, నూనె దిగడానికి దారి ఉండదు. చిన్న బండి మీద బతికేవాళ్లకు అదీ ఒక ఖర్చే, నిజమే. కనీసం బజ్జీకి, పేపరుకు మధ్య ఒక విస్తరాకు ముక్క పెట్టినా నయమే.

కాగితం కప్పు గురించి అపోహ ఇంకా పెద్దది. ఉత్త కాగితం వేడి టీని మోయలేదు. లోపల పలుచటి పాలిథిన్ పొర ఉంటుంది. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు వెలువరించిన అధ్యయనంలో 85 నుంచి 90 డిగ్రీల వేడి నీళ్లు పోసి పావుగంట ఉంచితే 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25 వేల ప్లాస్టిక్ సూక్ష్మకణాలు చేరినట్టు తేలింది. 2022 జులై 1 నుంచి దేశంలో ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లపై నిషేధం అమల్లోకి వచ్చాక టీ కొట్లు కాగితం కప్పులవైపు ఇంకా ఎక్కువగా మళ్లాయి. ప్లాస్టిక్ పోయిందని సంబరపడటానికి ఇది సరిపోదు. గాజు గ్లాసు కడిగి వాడే కొట్టు ఇప్పటికీ మేలు. అట్ట డబ్బాల్లో వచ్చే పాలు, పండ్ల రసాలదీ ఇదే తరహా నిర్మాణం. బరువులో సుమారు ముప్పావు వంతు అట్ట, మిగతాది పాలిథిన్, పలుచటి అల్యూమినియం రేకు. అయితే అక్కడ ఆ పొరలే పాలను ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి కాపాడతాయి, కాబట్టి పొరలకు అర్థం ఉంది.

మాయమయ్యే రాతలు

బస్సు టికెట్, ఏటీఎం స్లిప్పు, సూపర్‌మార్కెట్ బిల్లు వచ్చేది థర్మల్ పేపరు మీద. దీనికి ఇంకు ఉండదు. కాగితం పూతలోనే రంగు పదార్థం, దాన్ని మేల్కొలిపే ఆమ్ల పదార్థం ఉంటాయి. ప్రింటర్ వేడి తగిలినచోట రెండూ కరిగి కలిసి నల్లబడతాయి. ఎండలో, నూనె చేతుల్లో, ప్లాస్టిక్ కవర్లలో ఆ రసాయన బంధం మెల్లగా విడిపోతుంది, రాత పోతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే కాగితమంతా నల్లగా అయిపోవడమూ ఉంది. బిల్లు పోతే వారంటీ పోతుంది, దాన్ని సరిపెట్టుకోవచ్చు. ఈసీజీ, స్కానింగ్ బొమ్మలు చాలాచోట్ల ఈ కాగితం మీదే ఇస్తారని మాత్రం గుర్తుంచుకోవాలి. పాత ఈసీజీతో కొత్తదాన్ని పోల్చి చూడటం గుండె డాక్టరుకు ఎంతో అవసరం. పెద్దవాళ్ల ఫైల్లో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఆ కాగితం అవసరమైన రోజున ఖాళీగా కనపడితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. ఇచ్చిన రోజే జిరాక్స్ తీయించి, ఫోనులో ఫొటో తీసి, అసలుదాన్ని కాగితం కవర్లో పెట్టాలి. థర్మల్ పూతల్లో వాడే ‘బిస్ఫినాల్-ఏ’ (బీపీఏ) అనే రసాయనాన్ని యూరోపియన్ యూనియన్ 2020 జనవరి నుంచి దాదాపు నిషేధించింది. రోజంతా బిల్లులు చింపి ఇచ్చే క్యాషియర్ల ఆరోగ్యం కోసం మన దగ్గర కూడా దీన్ని పట్టించుకోవాలి.

పాత పేపర్లు కొనేవాళ్లకు ఈ రకాలన్నీ చేత్తో పట్టుకుంటేనే తెలుసు. తెల్ల కాగితం, దినపత్రికలు, అట్టపెట్టెలు వేర్వేరు ధరలకు కొని వేర్వేరు మిల్లులకు పంపుతారు. తెల్ల నోటు పుస్తకాలు మళ్లీ రాసే కాగితమో, టిష్యూనో అవుతాయి. అట్టపెట్టెలు మళ్లీ క్రాఫ్ట్ అవుతాయి. కలిపేస్తే మొత్తం డుప్లెక్స్ మధ్య పొరకే పనికొస్తుంది, ధర కూడా అందుకు తగ్గట్టే పలుకుతుంది. థర్మల్ బిల్లులు, టీ కప్పులు, లామినేషన్ చేసిన కార్డులు, నూనె తాగిన పిజ్జా పెట్టె అడుగు ఆ కట్టలో కలపకుండా వేరుగా పడేయాలి. పెట్టె పైమూత శుభ్రంగా ఉంటే చింపి కట్టలో వేయొచ్చు.